డీ డ్రైవ్ కూడా

7 సెప్టెంబర్ 2008, ఆదివారం

మూఢనమ్మకాల మీద యుద్ధం చేసే పత్రిక కంప్యూటర్‌కు జాతకాల సెంటర్ నుంచి జబ్బు అంటుకుంది. ఇది ఇంకెవరి పత్రిక సంగతైనా అయితే మొదటి పేజీలో వేసి నవ్వుకునేవాణ్ణి.

పొద్దున బాగేపల్లి ఆఫీసు మెట్లెక్కేసరికి రంజిత స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. మా 'సూటిమాట' పత్రిక పేజీలన్నీ పెట్టే అమ్మాయి ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"వైరస్ సార్. ఒక ఫోల్డర్ నొక్కితే ఇంకోటి పుడతాండాది."

చూపించింది. చూడ్డానికి ఫోల్డరే. అదే పసుపు బొమ్మ, అదే పేరు. కానీ అది ఫోల్డర్ వేషం కట్టిన ప్రోగ్రాము. అసలు ఫోల్డర్‌ను కంటికి కనపడకుండా దాచేసి దాని పీట మీద తాను కూర్చుంటుంది. పెన్ డ్రైవ్ పెడితే అందులోకి దూకుతుంది. ఆ పెన్ డ్రైవ్ ఎక్కడికి పోతే అక్కడికి దూకుతుంది. ఈ దేశంలో మఠాలు విస్తరించిన పద్ధతి అచ్చంగా ఇదే. (సంపాదకీయానికి పనికొస్తుంది.)

పదకొండు గంటలకు మా హేతువాదుల సంఘం 'విచార వేదిక' కార్యదర్శిగారు చింతామణి బస్సు దిగి వచ్చారు. శ్రీనివాసమూర్తి. ప్రతి ఆదివారం వచ్చినట్టే చొక్కా జేబులో పెన్ డ్రైవ్ వేసుకుని వచ్చాడు. రంజిత దాన్ని తెరిచింది. నా పత్రిక వ్యాసాల పక్కన, నా కళ్ళ ముందు, ఒక ఫోల్డర్: 'శతభిష - నామకరణం'.

"ఏమిది మూర్తీ?"

"మనవరాలిదప్పా. రూప బిడ్డది. కంప్యూటర్ సెంటర్లో జాతకం వేయించినా."

అని చెప్పి టీ తాగాడు. చెప్పి, టీ తాగాడు!

రంజిత "తెరుద్దునా సార్?" అంది. వద్దన్నాను. తెరవాల్సిన పని లేదు. పేరు చాలు.

8 సెప్టెంబర్

పోయిన ఆదివారం కూడా అదే పెన్ డ్రైవ్ పెట్టాడు. లెక్క తేలిపోయింది.

10 సెప్టెంబర్

రెండు మార్గాలున్నాయట.

రంజిత మార్గం: కడగడం. కంప్యూటర్‌ను ఒక ప్రత్యేకమైన పద్ధతిలో లేపి, జబ్బు ఎక్కడెక్కడ కూర్చుందో వెతికి, ఒక్కొక్కటే తీసేసి, దాచిపెట్టిన అసలు ఫోల్డర్లను మళ్ళీ వెలుగులోకి తేవడం. "దినమంతా పడతాది సార్. ఓపిక కావల్ల, అంతే."

అమరేష్ మార్గం: తుడవడం. చిక్కబళ్ళాపురంలో రిపేరు షాపు పెట్టుకున్నవాడు. ఫోన్‌లోనే నవ్వాడు. "కడిగేది దండగ సార్. ఒగటి ఇడిస్తే చాలు, మళ్ళా మొలుస్తాది. ఫార్మాట్ కొట్టేసి విండోస్ కొత్తగా ఎక్కిస్తా. పెండ్లికొడుకు మాదిరి ఎత్తుకోని పోండి."

మనిషి వ్యాపారి అయినా ఆలోచన సరైనది. నేను జీవితమంతా వాదించింది ఇదే కదా. కుళ్ళిన దాన్ని బాగు చేస్తామనే మాటే పెద్ద మోసం. బాగు చేసేవాడు మురికితో రాజీపడి, దానికి పేర్లు పెట్టి, దాని పక్కనే కాపురం చేస్తాడు. చివరికి ఏది మురికో ఏది తానో తెలియదు. తుడిచెయ్యాలి. ఖాళీ పలక మీద రాయాలి. మర్యాద కోసం తుడవకుండా వదిలిన మూలలోంచే మళ్ళీ అంతా పాకుతుంది.

రంజితకు ఇది చెప్పాను. వింది. విని, "ముందర మీ పెన్ డ్రైవ్ కూడా ఒకసారి ఇయ్యండి సార్, చూస్తా" అంది.

దేనికి? అందులో నా వ్యాసాలు తప్ప ఏమీ లేవు. ఇంట్లో, కాలేజీ స్టాఫ్ రూములో టైపు చేసుకున్నవి. అది దారానికి కట్టి నా మెడలోనే ఉంటుంది, ఇంకొకరి చేతికి పోదు. మూర్తి దాన్ని నా జందెం అని ఎగతాళి చేస్తాడు. ఇప్పుడు తెలుస్తోంది ఎవరికి జందెం మీద మనసుందో.

కాలేజీ కంప్యూటర్లలో కూడా ఇదే జబ్బట. అక్కడ అందరూ మూర్తులే.

13 సెప్టెంబర్

సీపీయూను దుప్పట్లో చుట్టి బస్సెక్కాను.

"యేమి సార్ అది, గ్రైండరా?" అన్నాడు కండక్టరు.

"కంప్యూటర్."

"లగేజీ వేస్తా సార్."

"ఇది పత్రిక. పత్రికకు లగేజీ వేసే చట్టం చూపించు."

"పత్రికైతే చంకలో పెట్టుకోండి సార్, సీట్లో యాల పెట్టినారు?"

పేరేసంద్ర దాకా వాదించాను. చివరికి ఒడిలో పెట్టుకున్నాను. చంటిబిడ్డలాగా వేడిగా లేదు, చల్లగా ఉంది. ఈ పోలిక ఎందుకు వచ్చిందో. మూర్తి ఇంట్లో నామకరణం మొన్నే అయిపోయింది. కార్డు పంపాడు. పోలేదు.

అమరేష్ మూత విప్పి, దుమ్ము ఊది, తన స్క్రీనుకు తగిలించాడు.

"సీ డ్రైవ్ తుడుస్తా. డీ డ్రైవ్ కూడానా సార్? దాంట్లో 'మాటలు' అని పెద్ద ఫోల్డరొకటి దాక్కోనుండాది."

మూర్తి మాటల మూట. జంగమకోటె, శిడ్లఘట్ట పల్లెలన్నీ తిరిగి ముసలివాళ్ళ నోటి నుంచి ఏరుకొచ్చినవి. కన్నడ బడిపుస్తకాల్లో లేనివి, ఆంధ్ర నిఘంటువులకు పట్టనివి. మన ఊళ్ళలో మాట తెలుగు, చదువు కన్నడం. అందుకే పత్రికను తెలుగు మాటల్లో కన్నడ అక్షరాలతో వేస్తున్నాం, అది మూర్తి ఆలోచనే, ఒప్పుకుంటాను. నెలకు అరపేజీ అతని మాటలు వేస్తాం. వేసినవి అచ్చులో ఉన్నాయి. ఉగాదికి దిద్దమని మొత్తం నాకు కూడా ఇచ్చాడు. తీరిక ఏది?

"సీడీలోకి ఎత్తి పెట్టుకోమంటారా?" అన్నాడు అమరేష్.

జబ్బుతో సహా ఎత్తి పెట్టుకుని ఏం చేస్తావు?

"అంతా" అన్నాను.

14 సెప్టెంబర్, ఆదివారం

తెరిస్తే స్క్రీన్ మీద నీలాకాశం, పచ్చగడ్డి. ఒక్క ఫోల్డర్ లేదు. చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టుంది.

మూర్తి రాలేదు. మంచిది. తీర్మానం ఇంట్లోనే టైపు చేసుకుని వచ్చాను: 'విచార వేదిక కార్యదర్శి శ్రీనివాసమూర్తి జాతకం వేయించి వేదిక మూలసూత్రాలను ఉల్లంఘించినందున సభ్యత్వం నుంచి బహిష్కరించడమైనది.' ఒక్క వాక్యం. మెడలోంచి తీసి నేనే ఎక్కించాను. రంజిత ప్రింటు తీసి ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు.

17 సెప్టెంబర్

మళ్ళీ వచ్చింది.

18 సెప్టెంబర్

అమరేష్ సరిగా తుడవలేదు. లేదా మూర్తిది ఎక్కడో మూల మిగిలి ఉంటుంది. జబ్బు మంకు అలాంటిది.

ఫోన్ చేసి తిట్టాను. "మిగిలేదానికి యేమీ లేదు సార్. మీరే కదా అంతా అనింది" అన్నాడు. "దాని తర్వాత ఎవురన్నా యేమన్నా పెట్టినారా?"

"ఎవరూ పెట్టలేదు."

28 సెప్టెంబర్, ఆదివారం

చిక్కబళ్ళాపురంలో సర్వసభ్య సమావేశం. తీర్మానం నేనే ప్రవేశపెట్టాను. మధ్యలో ఎక్కడా గొంతు తడబడలేదు. కంప్యూటర్ సంగతి కూడా చెప్పాను. జాతకాల సెంటర్లో తిరిగిన పెన్ డ్రైవ్ పత్రికను ఎలా పడగొట్టిందో, అలాంటి మనుషులు ఉద్యమాన్ని ఎలా పడగొడతారో. చప్పట్లు వచ్చాయి. చప్పట్లు నాకు నచ్చవు, అయినా వచ్చాయి.

కోశాధికారి గంగాధరప్ప మూర్తిని అడిగాడు: "చెప్పండప్పా, ఎందుకు తీయించిండారు? యేమన్నా బలవంతమా?"

మూర్తి లేచాడు. ముందు వరసలో సోమేనహళ్ళి రామచంద్రప్ప కూర్చుని ఉన్నాడు. మూర్తి కూతురు రూప ఆ ఇంటి కోడలే, రామచంద్రప్ప ఆమె మామకు అన్న. మూర్తి ఒకసారి అతని వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"జాతకం తీయించింది నిజమే. దేనికనేది ఈ సభలో చెప్పను."

"చెప్పడానికి ఏముంది గనక" అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఆంజనేయప్పకు ఇది మూడో సంగం. ముందరి రెండు సంగాలూ ఇట్లే మంచీ చెడూ కలిపి తుడిచినాడు. తప్పు ఆయప్పది ఒక్కనిదే కాదు, రెండుసార్లూ పక్కన నిలబడి చీపురు పట్టింది నేనే. ఈసారి చీపురు పట్టేవాడు లేడు కాబట్టి నేనే బయటికి పోతాండా. మీకు శ్రమ లేదు."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తీర్మానం నెగ్గింది. రామచంద్రప్ప కూడా చెయ్యెత్తాడు. వాళ్ళింట్లో గడపకు గడపకూ నిమ్మకాయలు వేలాడతాయి, అది వేరే సంగతి.

30 సెప్టెంబర్

నిద్ర పట్టడం లేదు. టీ తగ్గించాలి.

5 అక్టోబర్

రెండోసారి తుడిపించాను. ఈసారి అమరేష్ 'డీ కూడానా' అని అడగలేదు. డీలో ఏముంది గనక.

ఇంకొకటి మిగిలింది. రంజిత వింటూ పనిచేసే పాటల సీడీ. అడిగితే ఎర్రగా చూసింది.

"పాటల సీడీలో వైరస్ యాడొస్తాది సార్? పోనీండి, మీ మాట. రేపట్నుంచి పాటలిననులే."

"నీ యాంటీవైరస్ ఏం చేస్తోంది?"

దానికి మాత్రం తల దించింది. ఎవరో ఇచ్చిన దొంగ కాపీ, వేసవిలోనే గడువు తీరిందట. చెప్పలేదు. ఆమె కూడా తప్పు చేస్తుంది. రాసి పెట్టుకుంటున్నాను.

గోడకు కాగితం అంటించాను: 'ఎవరి సీడీకీ, ఎవరి పెన్ డ్రైవ్‌కూ అనుమతి లేదు.'

"మీదో సార్?"

"నాది ఆఫీసుది."

ఆమె దసరాకు శిడ్లఘట్ట వెళ్ళిపోయింది. వెళ్తూ బల్ల సర్ది, కీబోర్డు మీద గుడ్డ కప్పి, తాళం నా చేతిలో పెట్టింది.

8 అక్టోబర్

ఆయుధపూజ. కింద ఎరువుల దుకాణం పిళ్ళప్ప పళ్ళెం పట్టుకుని పైకి వచ్చాడు. తక్కెడకూ, తాళాలకూ, స్కూటరుకూ పూసి మిగిలిన కుంకుమ.

"ఒక్క బొట్టు పెట్టనీ సార్. ఇనుపదే కదా అది కూడా."

"ప్లాస్టిక్కు."

"లోపల ఇనుము ఉంటాది కదప్పా. పోయినేడు రంజితమ్మ పెట్టించుకుండె."

పోయినేడు! సంవత్సరం పొడుగునా నా స్క్రీన్ వెనకాల బొట్టు ఉండిందన్నమాట. తిప్పి చూశాను. ఉంది, మాసిపోయి. గోటితో గీకాను, పోలేదు. తడిగుడ్డతో తుడిచాను, పోయింది.

పిళ్ళప్పను పంపేసి తలుపు వేసుకుని సంపాదకీయం ఎక్కించాను. ఇంత శుభ్రంగా, ఇంత ఒంటరిగా ఈ గది ఎప్పుడూ లేదు.

11 అక్టోబర్

వచ్చింది.

12 అక్టోబర్, ఆదివారం

తాళం నా జేబులో ఉంది. రంజిత ఊళ్ళో లేదు. మూర్తి ఈ మెట్లెక్కి నెల దాటింది. పిళ్ళప్ప గడప దాటలేదు. పాటల సీడీ రంజిత సంచిలో పోయింది.

వాదన నా వృత్తి. ఎదుటివాడికి తప్పించుకునే దారి లేకుండా ఒక్కో తలుపూ మూసుకుంటూ రావడం నాకు తెలుసు. ఈ సాయంత్రం అలాగే ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చాను. ఆఖరి గదిలో ఎవరున్నారో చూసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆకుపచ్చది. దారం చెమటకు నల్లబడింది.

కాలేజీలో పెట్టాను. ఇంట్లో పెట్టాను. ప్రతిసారీ తుడిపించి తెచ్చి, మొట్టమొదట పెట్టింది దీన్నే.

13 అక్టోబర్

అయినా జాతకం జాతకమే. కంప్యూటర్ సంగతి వేరు, జాతకం సంగతి వేరు. తీర్మానంలో కంప్యూటర్ మాటే లేదు.

(ఉపన్యాసంలో ఉంది.)

15 అక్టోబర్

బాగేపల్లి బస్టాండులో రూప కనిపించింది. చింతామణి నుంచి వచ్చి సోమేనహళ్ళి బస్సు కోసం కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. తప్పించుకుని పోదామనుకున్నాను, చూసేసింది.

"మామా! ఇట్లా రాండి. బిడ్డను చూడనే లేదు మీరు."

వంగి చూశాను. కాటుక, దిష్టిచుక్క, నడుముకు తాయెత్తు. మాట్లాడకూడదనుకున్నాను.

"సుమ" అంది రూప. "పేరు బాగుండాదా మామా?"

"జాతకంలో వచ్చిన పేరేగా."

అంత చిన్న బిడ్డ ముందు అనాల్సిన మాట కాదు. రూప మొహం చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. అటూ ఇటూ చూసి, వాళ్ళ నాన్న సంగతి ఎత్తుతూ నా వైపు జరిగింది.

"అప్ప మీకు కూడా చెప్పలేదా? కడుపులో ఉన్నప్పట్నుంచీ సుమా సుమా అని పిలస్తా ఉంటి మామా. పుట్టినాంక మా అత్తోళ్ళు నచ్చత్రంలో వచ్చిన అచ్చరమే పెట్టల్ల అనిరి. చూస్తే వేరే అచ్చరం వచ్చేటట్టుండె. ఇంకో పేరు పెట్టి పిలిస్తే అది నా బిడ్డ కాదనిపిస్తాది అని అప్పతో ఏడిస్తిని. అప్ప పొయ్యి సెంటర్లో కూచుని, పుట్టిన టైము ముందుకీ ఎనక్కీ జరిపి, 'సు' వచ్చేదాకా లేయలేదంట. ఆ సెంటరాయప్ప అన్నాడంట, 'యేమి సార్, మీ మనవరాలు ఎన్నిసార్లు పుట్టింది?' అని."

నవ్వింది. బిడ్డ కదిలింది.

"నర్సమ్మ గడియారం ముందు నడస్తా ఉండాదని మా అత్తను నమ్మించినాడు. ఆయమ్మ ఆ కాగితాన్ని దేవునింట్లో పెట్టింది. యాడా అనొద్దండి మామా. పెదమామ మీ సంగంలోనే ఉండాడు కదా. తెలిస్తే పేరు మార్చేస్తారు. నన్ను అప్పింటికి కూడా పంపరు."

బస్సు వచ్చింది. సంచి నేనే ఎక్కించాను. సీటు కోసం ఒకతనితో పోట్లాడి కూర్చోబెట్టాను. పోట్లాడ్డం ఒక్కటే చేతనయింది.

తెరవాల్సిన పని లేదు, పేరు చాలు. ఎవరన్నారు ఈ మాట?

16 అక్టోబర్

రంజిత వచ్చింది. మెడలోంచి తీసి ఆమె బల్ల మీద పెట్టాను.

"దీన్ని ఫార్మాట్ చెయ్."

ఆమె వెంటనే ముట్టుకోలేదు. "దీంట్లోనే ఉండిందా సార్?"

"ఉండింది."

నెల రోజులుగా అడుగుతోంది. 'చెప్పినా కదా' అనొచ్చు. అనలేదని మెచ్చుకోబోయాను. అంతలో అననే అంది: "ముందే ఇచ్చుంటే రెండుసార్లు బస్సు ఖర్చు మిగిలేది కదా సార్. పాటలు కూడా పోయేవి కావు."

"అదంతా తర్వాత. తుడిచెయ్. నా వ్యాసాలు పోయినా పరవాలేదు. అన్నీ పోనీ."

"మీకు ఎప్పుడూ అంతా పోవల్ల, లేకుంటే అంతా ఉండల్ల" అంది. "కడిగి చూస్తా. కాకుంటే అప్పుడు తుడుద్దాం."

కొత్త యాంటీవైరస్, ఈసారి నిజం కాపీ, నిన్ననే తెచ్చుకుందట. నేను ఆమె వెనక స్టూలు మీద కూర్చున్నాను. ఆమె ఒక్కో దొంగ ఫోల్డర్‌ను గుర్తుపట్టి తీస్తోంది. నల్లటి కిటికీ లాంటిది ఒకటి తెరిచి అందులో ఏదో కొట్టింది. దాచిపెట్టినవాటిని పైకి తెచ్చే ఆజ్ఞ అట. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. నేనూ లేవలేదు.

నాలుగింటి వేళకు స్క్రీన్ మీద అసలువి ఒకటొకటే పైకి తేలాయి. నా వ్యాసాలు. నా ఉపన్యాసాలు. నేనే మరిచిపోయిన రాజీనామా పత్రం ఒకటి. వాటి వెనక:

'మాటలు - దిద్దడానికి.'

ఉగాదికి మూర్తి ఇచ్చింది. నెలల తరబడి నా గుండెల మీద వేలాడుతూ ఉంది. ఒక్కసారి తెరవలేదు. తెరవలేదు కాబట్టే దాన్ని జబ్బు దాచేసిన సంగతి కూడా తెలియలేదు.

"తుడిచుంటే పోయిండేది సార్" అంది రంజిత. ఇది మాత్రం మెల్లగా అంది.

19 అక్టోబర్, ఆదివారం

చింతామణి. మూర్తి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. లేవలేదు, పొమ్మనలేదు.

"మాటలు దొరికాయి. ఉగాది దాకా ఉన్నవి" అన్నాను.

"డీ డ్రైవ్ తుడిచినావని రంజిత చెప్పె. మళ్ళా యాడ దొరికినాయి?"

మెడలోంచి తీసి చూపించాను. తీసుకోలేదు. చిక్కుడుకాయతో దాన్ని చూపిస్తూ, "స్కాన్ చేసినావా?" అన్నాడు.

"చేయించాను."

"నువ్వు చేసినావా, రంజిత చేసిందా?"

"రంజిత."

"అట్లయితే ఇటీ."

కాసేపు ఇద్దరం చిక్కుడుకాయలే ఒలిచాం. ఆ తర్వాత నేనే అన్నాను, రూప చెప్పిందని. అని ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను.

"కానీ మూర్తీ, ఇప్పుడా కాగితం దేవుడి గదిలో ఉంది. రేపు ఆ అత్తగారు ఊరంతా చెబుతుంది, జాతకం ఎంత చక్కగా కుదిరిందో అని. నువ్వు మూఢనమ్మకాన్ని ఓడించావా, దానికి కూలికి పోయావా?"

"కూలికే పోయినా" అన్నాడు. "నువ్వు ముందర ఊరు మారనీ, అప్పుడు పేరు పెడదాం అంటావు. బిడ్డకు పదకొండో దినమే పేరు కావల్ల కదప్పా."

జవాబు ఉంది. నా దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది. అబద్ధం మీద నిలబెట్టిన పేరు రేపు కూలితే ఎవరు మోస్తారు? కడిగేవాడు ప్రతి మూలలోనూ కొంచెం వదిలిపెట్టి వస్తాడు. ఇది ఇప్పటికీ నిజమేననుకుంటున్నాను. కానీ బస్టాండులో ఆ బిడ్డను రూప పిలిచిన పిలుపు చెవిలో ఉంది. ఆ పిలుపును తుడిచి చూపించమంటే నా వల్ల కాదు.

"తీర్మానం రద్దు చేయిస్తాను."

"యేమని చెప్పి? రామచంద్రప్ప ముందర నిజం చెప్తావా?"

నోరు మూసుకున్నాను. అతను సభలో ఎలా నోరు మూసుకున్నాడో అప్పుడు తెలిసింది.

2 నవంబర్

కార్యవర్గం. కారణం చెప్పకుండా తీర్మానం వెనక్కి తీసుకుంటానన్నాను. కంప్యూటర్‌కు జబ్బు నా పెన్ డ్రైవ్ నుంచే వచ్చిందని మాత్రం లేచి నిలబడి చెప్పాను.

గంగాధరప్ప అన్నాడు: "అధ్యక్షులే తెస్తిరి, అధ్యక్షులే తీస్తాండారు. మధ్యలో చెయ్యెత్తిన మేము యేమైతిమి?"

న్యాయమైన ప్రశ్న. వచ్చే సమావేశానికి వాయిదా పడింది. రామచంద్రప్ప నన్ను అనుమానంగా చూశాడు. నేను అతని మీద పెద్ద గొంతుతో కరెంటు కోతల గురించి వాదన పెట్టుకుని అతని అనుమానాన్ని అటు మళ్ళించాను. అబద్ధానికి ఇది నా మొదటి కూలి.

9 నవంబర్, ఆదివారం

మూర్తి వచ్చాడు. సంఘానికి కాదు, పేజీకి అని ముందే చెప్పి మెట్లెక్కాడు.

ఈ నెల అరపేజీ జంగమకోటె పుట్టమ్మ మాటలు. జీవితమంతా పట్టుపురుగులు మేపిన మనిషి. పురుగు పాత తోలు విడిచేముందు మేత ముట్టకుండా తలెత్తి కూర్చుంటుంది. దాన్ని ఇక్కడ జరం అంటారు. నాలుగు జరాలు దాటితే గూడు కడుతుంది. ఒక్కో జరానికి పురుగు ఎలా కూర్చుంటుందో, ఎలా లేస్తుందో, లేచినాక ఏ ఆకు ఎంత సన్నగా తరిగి వేయాలో పుట్టమ్మకు వేరువేరు మాటలున్నాయి. మూడు జరాల మాటలు ఉగాదికి ముందు చెప్పింది. అవి దొరికాయి. నాలుగో జరానివి ఉగాది తర్వాత చెప్పింది, అవి డీ డ్రైవ్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. ఆషాఢంలో చనిపోయింది.

"గుర్తు తెచ్చుకో మూర్తీ."

"తెచ్చుకుంటానే ఉండాను. 'రాయి మాదిరి కూచుంటాది' అనె. దాని తర్వాత ఒక మాట అనె. చెయ్యి ఇట్లా పెట్టి అనె." చెయ్యి గాల్లో పెట్టాడు. అరచేయి పైకి, వేళ్ళు కొంచెం ముడిచి. మాట రాలేదు. చెయ్యి అలాగే చాలాసేపు ఉంది.

ఆమె కూతుర్ని అడగొచ్చు, ఇంకో ముసలమ్మను అడగొచ్చు. అడుగుతాం. వాళ్ళ మాటలు వాళ్ళవే అవుతాయి.

పేజీ కట్టాం. 'నాలుగో జరం' అని శీర్షిక పెట్టి దాని కింద తెల్లగా వదిలేశాను.

"ఖాళీగా ఇడిస్తే మిషన్ తప్పనుకుంటారప్పా" అన్నాడు మూర్తి.

నిజమే. కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాసి రంజితకు ఇచ్చాను.

'ఈ చోటు పుట్టమ్మది. తుడిచినవాడు సంపాదకుడు.'

ఆమె చదివి, మూర్తి వైపు చూసి, నా వైపు తిరిగింది. "ఇది కూడానా సార్?"

"ఇది కూడా" అన్నాను.